క్లోజ్ కొట్టినవన్నీ ‘తేలిక గోల్సే’నా? ఒక స్ట్రైకర్ కెరీర్‌ని ఎలా చూడాలి?

ప్రశ్న: తొమ్మిదో నంబర్

అందరికీ నమస్తే. నేను మా టీమ్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడతాను. ఈ మధ్య మా కోచ్ గారు నన్ను పిలిచి, జర్మనీ స్ట్రైకర్ మిరొస్లావ్ క్లోజ్ ఆట చూడమన్నారు. ఆయన 2016లో రిటైరయ్యాడు. అప్పటికి నేను ఫుట్‌బాల్ సీరియస్‌గా చూడటమే మొదలుపెట్టలేదు. కాబట్టి నాకు తెలిసిందంతా వీడియోల్లో చూసిందే.

నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. వరల్డ్ కప్‌లలో 16 గోల్స్ అంటే మాటలు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ 16 గోల్సూ వరసపెట్టి చూస్తే ఒక్కటి కూడా నోరెళ్లబెట్టి చూసేలా లేదు. అన్నీ పెనాల్టీ బాక్స్ లోపలివే. చాలావరకు గోల్ ముందుకి వచ్చిన బంతిని లోపలికి తోసినవే. నలుగురిని డ్రిబుల్ చేసి కొట్టింది లేదు, దూరం నుంచి బుల్లెట్‌లా కొట్టింది లేదు. పైగా అందులో మూడు 2002లో సౌదీ అరేబియాని 8-0తో ఓడించిన మ్యాచ్‌లోవి. బయర్న్ మ్యూనిక్ క్లబ్‌లో ఆఖరి సీజన్‌లో అయితే బుండెస్‌లిగాలో, అంటే జర్మనీ టాప్ లీగ్‌లో, ఒకే ఒక్క గోల్.

మా టీమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. జర్మనీ లాంటి టీమ్‌లో ఉంటే ఎవరైనా అన్ని కొడతారని సగం మంది అంటున్నారు. కోచ్ గారిని అడిగితే ‘నువ్వే చూసి చెప్పు’ అంటున్నారు. అసలు ఏం చూడాలి? ఏ మ్యాచ్ చూడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: పాత స్టాపర్

తమ్ముడూ, నేను ఆడినన్నాళ్లూ స్టాపర్ బ్యాక్‌గానే ఆడాను. నీలాంటివాళ్లని ఆపడమే నా పని. ఇప్పుడు పిల్లలకి డిఫెన్స్ నేర్పిస్తున్నాను. అందుకని డిఫెండర్ వైపు నుంచే జవాబు చెప్తాను, అటు నుంచి చూస్తేనే క్లోజ్ ఎవరో తెలుస్తుంది.

నువ్వు వీడియోలో చూస్తున్నది ఆఖరి అర సెకను. ఆయన పనంతా దానికి ముందు రెండు మూడు సెకన్లలో అయిపోయింది. హైలైట్స్ కట్ చేసేవాళ్లు సరిగ్గా ఆ ముక్కనే తీసేస్తారు, ఎందుకంటే అప్పుడు బంతి ఆయన దగ్గర ఉండదు, కెమెరా కూడా ఆయన మీద ఉండదు. చివరికి మనకి కనిపించేది ఖాళీగా నిలబడ్డ మనిషి, ఎదురుగా తెరిచిన గోల్. ‘ఇది నేనూ కొడతాను’ అనిపిస్తుంది. అంత ఖాళీ ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగం.

డ్రిబుల్ చేసేవాడంటే నాకెప్పుడూ అంత భయం లేదు. వాడు కళ్లెదుట ఉంటాడు, బంతి వాడి కాళ్ల దగ్గర ఉంటుంది, వాడేం చేస్తాడో చూస్తూ వెనక్కి తగ్గొచ్చు. కనపడకుండా పోయేవాడితోనే టెన్షన్. క్రాస్ వచ్చేటప్పుడు డిఫెండర్ రెండింటిని కనిపెట్టుకుని ఉండాలి, బంతిని, మనిషిని. రెండూ ఒకే చూపులో పడేలా ఒళ్లు పక్కకి తిప్పి నిలబడమని మొదటి పాఠంలోనే చెప్తాం. క్లోజ్ ఆ రెండూ ఒకే చూపులో పడనిచ్చేవాడు కాదు. బంతి కుడి వింగ్‌లో ఉందంటే ఆయన డిఫెండర్‌కి అవతలి భుజం వెనకాల ఉంటాడు. డిఫెండర్ తల తిప్పి, ‘ఉన్నాడు’ అని చూసుకుని మళ్లీ బంతి వైపు తిరుగుతాడు. ఆ తిరిగిన క్షణంలోనే క్లోజ్ చోటు మారుస్తాడు. దూరమేం వెళ్లడు, రెండడుగులు. క్రాస్ గాల్లోకి లేచేసరికి డిఫెండర్ బుర్రలో ఉన్న క్లోజ్ ఒకచోట, అసలు క్లోజ్ ఇంకోచోట. ఇలా ఒక మ్యాచ్‌లో ఎన్నోసార్లు చేస్తాడు. చాలాసార్లు బంతి రాదు. రాకపోయినా విసుక్కోడు, మళ్లీ అదే పని.

ఒక గోల్ దగ్గరగా చూద్దాం. 2010 వరల్డ్ కప్, ప్రీ క్వార్టర్స్, ఇంగ్లండ్ మీద, 20వ నిమిషం. గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ గోల్ కిక్‌ని చాలా పొడుగ్గా కొట్టాడు. గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ ఉండదన్న రూల్ నీకు తెలిసే ఉంటుంది. క్లోజ్‌కీ తెలుసు, కాబట్టే బంతి గాల్లో ఉండగానే ఇంగ్లండ్ సెంటర్ బ్యాక్‌ల మధ్యకి పరుగు పెట్టాడు. బంతి నేలకి తగిలి లేచింది. పక్కన మాథ్యూ అప్సన్ ఉన్నాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నువ్వు ఇక్కడ వీడియో ఆపి క్లోజ్ నడుము చూడు. అప్సన్‌కీ బంతికీ మధ్యలో తన నడుము అడ్డం పెట్టేశాడు. ఇప్పుడు అప్సన్ ఏం చేసినా వెనక నుంచే చేయాలి, అలా చేస్తే ఫౌల్, రెడ్ కార్డ్ కూడా కావచ్చు. గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్ ముందుకి వస్తున్నాడు. క్లోజ్ కింద పడుతూ, కాలు చాపి, బూటు కొనతో బంతిని పక్కనుంచి లోపలికి పంపాడు. హైలైట్స్‌లో అది ‘తోసిన’ గోలే. అప్సన్ చోట నన్ను నేను ఊహించుకుంటే మాత్రం, ఆ గోల్ పోకుండా చేయడానికి నాకు ఒక్క దారీ కనపడదు.

ఇక ‘మంచి టీమ్‌లో ఉంటే ఎవరైనా కొడతారు’ అన్న మాటకి వద్దాం. క్లోజ్ ఆ టీమ్‌లోకి ఎలా వచ్చాడో చూస్తే ఎవరూ ఆ మాట అనలేరు.

ఆయన పుట్టింది పోలండ్‌లోని ఒపోలెలో, 1978లో. నాన్న ఫుట్‌బాల్ ఆటగాడు, ఫ్రాన్స్‌లో ఓసేర్ క్లబ్‌కి కూడా ఆడాడు. అమ్మ పోలండ్ జాతీయ హ్యాండ్‌బాల్ జట్టులో ఆడింది. ఎనిమిదేళ్ల వయసులో కుటుంబం జర్మనీలోని కూసెల్ అనే చిన్న ఊరికి వచ్చేసరికి పిల్లాడికి జర్మన్ దాదాపు రాదు. ఇప్పటి పిల్లలు పదేళ్లకే పెద్ద క్లబ్బుల అకాడమీల్లో చేరిపోతున్నారు కదా, క్లోజ్‌కి అలాంటిదేమీ లేదు. వడ్రంగం నేర్చుకున్నాడు, పైకప్పుల చెక్కపని. పగలు ఆ పని, మిగతా టైమ్‌లో బ్లౌబాఖ్-డీడెల్‌కాఫ్ అనే ఊరి క్లబ్‌కి ఆట. ఇరవై ఏళ్లు వచ్చేవరకు అదే ఆయన జీవితం. ఆ తర్వాత హోంబుర్గ్, అక్కడి నుంచి 1999లో కైజర్స్‌లాటర్న్ రిజర్వ్ జట్టు. 2000 ఏప్రిల్‌లో బుండెస్‌లిగాలో మొదటి మ్యాచ్. ఏడాది తిరక్కుండానే, 2001 మార్చిలో అల్బేనియా మీద జర్మనీ జెర్సీ వేసుకున్నాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగి 88వ నిమిషంలో విన్నింగ్ గోల్ కొట్టాడు. మరుసటి ఏడాది వరల్డ్ కప్.

ఊరి క్లబ్ నుంచి వరల్డ్ కప్ ఫైనల్‌కి నాలుగేళ్లు పట్టిందంతే. ఎవరో చెయ్యి పట్టుకుని మంచి టీమ్‌లో కూర్చోబెడితే వచ్చిన దారి కాదిది. బాక్స్‌లో ఆయన ఓపిక కూడా ఆ ఊరి క్లబ్ రోజుల్లోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం. చిన్న లీగుల్లో మంచి పాస్‌లు రావు. మ్యాచ్ మొత్తంలో ఒకట్రెండు బంతులు వస్తే గొప్ప. దానికోసం కాచుకుని ఉండటం అలవాటైనవాడు పైస్థాయికి వెళ్లాక కూడా ఒక్క బంతినీ వదలడు.

బయర్న్ సంగతి నువ్వన్నది నిజమే. 2009-10లో లీగ్‌లో 3 గోల్స్, 2010-11లో ఒకటి. చాలావరకు బెంచ్ మీదే కూర్చున్నాడు, ముందు మారియో గోమెజ్, ఒలిచ్ ఉన్నారు. ఆ 3 గోల్స్ సీజన్ ముగియగానే 2010 వరల్డ్ కప్ వచ్చింది. ‘ఇతన్నెందుకు తీసుకెళ్తున్నారు’ అని జర్మనీలోనే చాలామంది అడిగారు. కోచ్ యొఆకిం లోవ్ మాట మార్చలేదు. ఏమైంది? ఆస్ట్రేలియా మీద ఒకటి, ఇంగ్లండ్ మీద ఒకటి, క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా మీద రెండు. ఆ అర్జెంటీనా మ్యాచ్ దేశం తరఫున ఆయనకి నూరోది. మధ్యలో సెర్బియా మీద తొలి సగంలోనే రెండో యెల్లో కార్డుతో బయటికి పోయాడు, టీమ్ 0-1తో ఓడింది. ఆ తప్పు ఆయనదే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఏడాది పొడవునా బెంచ్ మీద ఉన్న మనిషి, రెడ్ కార్డ్ చూసిన మనిషి, తిరిగొచ్చి నాకౌట్స్‌లో మూడు కొట్టాడు. స్ట్రైకర్‌గా నువ్వు ఈ ఒక్క సంగతి గురించి కూర్చుని ఆలోచించు. గోల్స్ రాని నెలల్లో ఆయన తన కదలికలు మార్చుకోలేదు. దిగిన కాసేపట్లోనూ అవే పరుగులు, అదే చోటు వెతుక్కోవడం. బంతి రావడం మొదలవగానే గోల్స్ వచ్చాయి.

2014 బెలో హొరిజోంటె సెమీఫైనల్ గురించి అందరికీ తెలుసు, బ్రెజిల్ 1-7. 23వ నిమిషంలో క్లోజ్ మొదటి షాట్‌ని జూలియో సెజార్ ఆపాడు. తిరిగొచ్చిన బంతిని క్లోజే మళ్లీ కొట్టాడు, 16వ గోల్. బ్రెజిల్ పాత స్ట్రైకర్ రొనాల్డో (క్రిస్టియానో కాదు) 15 గోల్స్ రికార్డు బ్రెజిల్ గడ్డ మీదే, రొనాల్డో స్టేడియంలో ఉండగానే దాటిపోయింది. నేను చూడమనేది మొదటి షాట్‌కీ రెండో షాట్‌కీ మధ్య ఉన్న సమయం. షాట్ ఆగిపోగానే చాలామంది స్ట్రైకర్లు తల పట్టుకుంటారు, కనీసం ఒక్క క్షణం ఆగిపోతారు. క్లోజ్ శరీరం ఆగలేదు. కొట్టిన కాలు నేల మీద పడటమే రీబౌండ్ వైపు పడింది. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు నిండాయి.

జవాబు: లెక్కల పుస్తకం

పాత స్టాపర్ గారు చెప్పిన కదలికల సంగతి బాగుంది, నేనూ నేర్చుకున్నాను. కానీ ప్రశ్న అడిగిన అబ్బాయి అనుమానాన్ని మనం పూర్తిగా కొట్టిపారేయకూడదు. రికార్డు వేరు, గొప్పతనం వేరు.

వరల్డ్ కప్‌లలో క్లోజ్ 24 మ్యాచ్‌ల్లో 16 కొట్టాడు. రొనాల్డో 19 మ్యాచ్‌ల్లో 15. జర్మనీ పాత స్ట్రైకర్ గెర్డ్ ముల్లర్ 13 మ్యాచ్‌ల్లోనే 14. ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ అయితే 1958లో ఒకే టోర్నీలో, 6 మ్యాచ్‌ల్లో 13 కొట్టాడు. మ్యాచ్‌కి సగటు తీస్తే ఈ నలుగురిలో క్లోజ్‌ది ఆఖరి స్థానం. జర్మనీకి ఆడిన మొత్తం మ్యాచ్‌లు తీసుకున్నా అంతే. క్లోజ్ 137 మ్యాచ్‌ల్లో 71, ముల్లర్ 62 మ్యాచ్‌ల్లో 68. ముల్లర్ ఆడినదానికి రెట్టింపు కంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడితే గానీ క్లోజ్ ఆయన్ని దాటలేకపోయాడు.

ఇంకో మాట. 2002లో ఆయన కొట్టిన ఐదూ గ్రూప్ మ్యాచ్‌ల్లోనివే. ఆ ఏడాది నాకౌట్స్‌లో ఒక్కటీ లేదు. జర్మనీ పరాగ్వేని, అమెరికాని, దక్షిణ కొరియాని మూడుసార్లూ 1-0తోనే గెలిచింది, ఆ గోల్స్ నాయివిల్, బల్లాక్ కొట్టినవి. క్లోజ్‌ని నేను తక్కువ చేయడం లేదు. నాలుగు వరల్డ్ కప్‌లు నిలకడగా ఆడటం చాలా పెద్ద విషయం. కానీ ఆయన్ని ముల్లర్ పక్కన పెడితే ముల్లర్‌కి అన్యాయం చేసినట్టే.

జవాబు: పాత స్టాపర్

లెక్కల పుస్తకం గారూ, మీ అంకెల్లో తప్పేమీ లేదు. ముల్లర్ కంటే గొప్ప ఫినిషర్ అని క్లోజ్‌ని నేను అనను. నా దృష్టిలో బాక్స్ లోపల ముల్లర్‌ని మించినవాడు పుట్టలేదు. 2014 జూన్‌లో అర్మేనియా మీద క్లోజ్ 69వ గోల్ కొట్టి ముల్లర్ని దాటినప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు.

కానీ సగటు ఒక్కటే చూస్తే ఒక సంగతి జారిపోతుంది. ఆ 137 మ్యాచ్‌ల్లో చాలాసార్లు క్లోజ్ పని గోల్ కొట్టడం కాదు, స్టాపర్లని చోటు నుంచి కదిలించడం. 2006లో పక్కన పొడోల్‌స్కీ, 2010లో వెనక నుంచి దూసుకొచ్చే థామస్ ముల్లర్, ఓజిల్. వీళ్లు పరుగెత్తిన ఖాళీ ఎవరు చేసిపెట్టారో చూడండి. 2008 యూరో కప్‌లో పోలండ్ మీద మొదటి గోల్‌లో, గోల్‌కీపర్ ఎదురుగా ఉండగా తానే కొట్టొచ్చు. పక్కకి పాస్ ఇచ్చాడు, పొడోల్‌స్కీ ఖాళీ గోల్‌లో కొట్టాడు. ఇద్దరూ పుట్టింది పోలండ్‌లోనే, ఆ రోజు ఇద్దరికీ అది మామూలు మ్యాచ్ కాదు. అయినా ఎవరికి సులువో వాళ్లకే బంతి ఇచ్చాడు.

క్లోజ్ గోల్ కొట్టిన ఏ మ్యాచ్‌లోనూ జర్మనీ ఓడలేదు. నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. 2002 నాకౌట్స్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ మొత్తం మీద నాకౌట్స్‌లో ఐదు కొట్టాడు, అర్జెంటీనా మీద మూడు, ఇంగ్లండ్ మీద ఒకటి, బ్రెజిల్ మీద ఒకటి. బలహీనమైన జట్లని చూసి కొట్టినవి కావు. పదహారులో ఒక్కటి కూడా పెనాల్టీ కిక్ కాదన్నదీ లెక్కలో వేసుకోండి.

జవాబు: నీలి ఆకాశం

నేను రోమ్ నగరపు క్లబ్ లాజియో అభిమానిని. క్లోజ్ గురించి ఇంత రాసి రోమ్‌లో ఆయన గడిపిన ఐదేళ్లని వదిలేస్తే నాకు మనసొప్పదు.

2011లో 33 ఏళ్ల వయసులో వచ్చాడు. బయర్న్‌లో పని అయిపోయిందనుకున్న స్ట్రైకర్ ఇక్కడేం చేస్తాడని అందరూ అనుకున్నారు. అక్టోబర్‌లో రోమాతో డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు క్లబ్‌ల పోరు. స్కోరు 1-1, ఇంజురీ టైమ్ నడుస్తోంది. 93వ నిమిషంలో క్లోజ్ కొట్టాడు, మేం 2-1తో గెలిచాం. ఆ ఒక్క గోల్‌తో ఆయన మావాడైపోయాడు. 2013 మేలో బొలోన్యా మీద ఒకే మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టాడు, 6-0. 34 ఏళ్ల వయసులో! అదే నెలలో రోమాని ఓడించి ఇటలీ కప్ కూడా గెలిచాం. వెళ్లేలోపు మాకు అరవైకి పైగా గోల్స్ ఇచ్చాడు.

అయితే నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఒక రద్దైన గోల్. 2012 సెప్టెంబర్, నాపోలి మీద మ్యాచ్ మొదలై కాసేపే అయింది, ఇంకా 0-0. కార్నర్ నుంచి వచ్చిన బంతి క్లోజ్‌కి తగిలి లోపలికి పోయింది. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. నాపోలి ఆటగాళ్లు రెఫరీని చుట్టుముట్టారు. క్లోజ్ రెఫరీ దగ్గరికి వెళ్లి, చేతికి తగిలిందని తానే చెప్పాడు. గోల్ రద్దయింది. నాపోలి ఆటగాళ్లు వచ్చి ఆయన చెయ్యి కలిపారు. మ్యాచ్ మేం 3-0తో ఓడిపోయాం, మూడూ కవానీయే కొట్టాడు. ఆ రోజు ఓడిపోయినా నాకు ఆయన మీద కోపం రాలేదు, ఇప్పటికీ ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. జర్మనీ క్లబ్ వెర్డర్ బ్రెమెన్‌లో ఉన్నప్పుడు కూడా, 2005లో బీలెఫెల్డ్ మ్యాచ్‌లో తనకిచ్చిన పెనాల్టీ సరైంది కాదని రెఫరీకి చెప్పి వెనక్కి తీయించాడు. ఈ రెండూ వీడియోలు లేని కాలం నాటి కథలు కావు, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

స్ట్రైకర్ అంటే మోసం తెలిసి ఉండాలి, బాక్స్‌లో పడిపోవడం తెలిసి ఉండాలి అని కుర్రాళ్లకి నూరిపోసేవాళ్లున్నారు. వరల్డ్ కప్‌లలో 16 కొట్టినవాడు అలా ఆడలేదని తొమ్మిదో నంబర్ తమ్ముడికి గట్టిగా చెప్పాలనిపించింది.

ప్రశ్న అడిగినవారు: తొమ్మిదో నంబర్

అందరికీ చాలా థాంక్స్. ఇంగ్లండ్ గోల్‌ని ఆపి ఆపి చూశాను. నడుము అడ్డం పెట్టడం నిజంగానే కనిపించింది అన్నా, ఇంతకుముందు నా కళ్లు బంతి మీద తప్ప ఇంకెక్కడా లేవు. నాపోలి సంగతి నాకసలు తెలియదు, అది మా వాళ్లందరికీ చెప్తాను.

ఇంకొక్క సందేహం. హెడర్లు. 2002లో ఐదుకి ఐదూ తలతోనే కొట్టాడు కదా. ఆయన మరీ పొడుగు మనిషేం కాదు, ఆరడుగులు ఉంటాడంతే. నాదీ దాదాపు అదే ఎత్తు. కానీ నాకంటే పొడుగు స్టాపర్ ఉంటే నాకు బంతే అందదు. జంప్ పెంచుకోవడానికి వ్యాయామాలు చేస్తున్నాను, పెద్దగా తేడా లేదు. ఆయనకి ఎలా సాధ్యమైంది?

జవాబు: పాత స్టాపర్

వ్యాయామాలు మానకు, కానీ నీ అసలు ఇబ్బంది అది కాకపోవచ్చు. నువ్వు స్టాపర్ పక్కన నిలబడి, నిలబడ్డ చోటు నుంచే ఎగురుతున్నావేమో చూసుకో. అలా అయితే పొడుగున్నవాడిదే బంతి, అందులో మార్పుండదు. వాడు ఎగరాల్సిన పని కూడా ఉండదు.

క్లోజ్ హెడర్లన్నీ పరుగులోంచి వచ్చినవి. బంతి పడే చోటుకి ముందే వెళ్లి కూర్చోడు. రెండు మూడు గజాలు వెనక ఉండి, ఆఖరి క్షణంలో వస్తాడు, ఒంటి కాలు మీద లేస్తాడు. పరుగులో ఉన్న వేగం పైకి మారుతుంది. స్టాపర్ నిలబడి రెండు కాళ్ల మీద ఎగురుతాడు, పైగా చాలాసార్లు ఆలస్యంగా. ఎత్తులో ఉన్న తేడా అక్కడ పూడిపోతుంది. మాకు అన్నిటికంటే కష్టమైన ఫార్వర్డ్ ఇలాంటివాడే. ముందే వచ్చి పక్కన నిలబడితే భుజంతో తోసి లెక్క తేల్చుకుంటాం. పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ని తాకామంటే పెనాల్టీ.

2002లో ఐర్లాండ్ మ్యాచ్ 19వ నిమిషం చూడు. బల్లాక్ చాలా వెనక నుంచి డిఫెన్స్ మీదుగా పొడుగు బంతి వేశాడు. మామూలుగా అలాంటి బంతిని ఛాతీ మీద దింపుకుందాం అనిపిస్తుంది. క్లోజ్ ఆగకుండా పరుగులోనే తల ఆనించి, బయటికి వచ్చిన షే గివెన్‌ని దాటించాడు. అక్కడ బలంగా కొట్టింది లేదు, బంతి వేగాన్నే వాడుకున్నాడు. తర్వాత 2006 క్వార్టర్ ఫైనల్, బెర్లిన్‌లో అర్జెంటీనా మీద 80వ నిమిషం. జర్మనీ 0-1తో వెనకబడి ఉంది. ఎడమ నుంచి బల్లాక్ క్రాస్, మధ్యలో బొరోవ్‌స్కీ తలతో వెనక్కి తోశాడు. క్లోజ్ ఆ రెండో బంతి కోసం వచ్చాడు. మొదటి క్రాస్‌ని చూసి ఎగిరి ఉంటే దానికి అందేవాడు కాదు. ఆ గోల్‌తోనే మ్యాచ్ పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది, జర్మనీ గెలిచింది. ఆ టోర్నీలో ఐదు గోల్స్‌తో గోల్డెన్ బూట్ ఆయనదే. దానికి ముందు సీజన్‌లో బ్రెమెన్‌కి లీగ్‌లో 25 కొట్టి ఉన్నాడు. ఆయన ఆట పూర్తిగా పండిన ఏడాది అదేనని నేననుకుంటాను. నువ్వు ఒకే ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడాలంటే ఆ బెర్లిన్ మ్యాచ్ చూడు.

2014 ఘానా మ్యాచ్ కూడా హెడర్ పాఠమే, గోల్ కాలితో వచ్చినా సరే. జర్మనీ 1-2తో వెనకబడి ఉండగా 69వ నిమిషంలో దిగాడు, 71వ నిమిషంలో కొట్టాడు. క్రూస్ కార్నర్ వేశాడు, హోవెడెస్ తలకి తగిలి బంతి ఫార్ పోస్ట్ వైపు వచ్చింది. అక్కడ క్లోజ్ జారుకుంటూ వచ్చి లోపలికి కొట్టాడు. కార్నర్ వేసే ముందు నుంచీ చూడు. అందరూ మొదటి హెడర్ ఎవరిదా అని గుమిగూడుతుంటే ఆయన తర్వాతి బంతి ఎక్కడ పడుతుందో ఆ చోటుకి మళ్లాడు. రొనాల్డోతో సమానం చేసిన 15వ గోల్ అది. సంబరంలో వేసే పల్టీ ఆ రోజు సరిగ్గా కుదరక కింద కూలబడ్డాడు కానీ, చూసినవాళ్లెవరూ అది పట్టించుకోలేదు.

ఆ టోర్నీ ఫైనల్లో 88వ నిమిషంలో ఆయన్ని దింపేసి గోట్సెని పంపారు. 113వ నిమిషంలో కప్ తెచ్చిన గోల్ గోట్సెదే. 2002 ఫైనల్ ఆడి ఓడిన జట్టులోంచి 2014 దాకా మిగిలింది క్లోజ్ ఒక్కడే. తర్వాత కోచింగ్ వైపు వెళ్లాడు. బయర్న్ కుర్రాళ్ల జట్టు, హాన్సీ ఫ్లిక్ కింద అసిస్టెంట్, ఆస్ట్రియాలో అల్టాఖ్, 2024లో న్యూరెంబెర్గ్.

ఇక ప్రాక్టీస్. మీ టీమ్‌లో క్రాస్‌లు వేసేదెవరో అతన్ని కూడా కూర్చోబెట్టి ఐర్లాండ్ గోల్ చూపించు. బల్లాక్ తల ఎత్తిన క్షణానికే క్లోజ్ కదలడం మొదలైంది. మీ ఇద్దరి మధ్య ఆ సైగ కుదరాలి. అతను తల ఎత్తేదాకా నువ్వు స్టాపర్ వెనకే ఉండు, ఎత్తగానే కదులు. మొదట స్టాపర్ లేకుండా చేయండి, తర్వాత ఒకరిని పెట్టండి. ఎగరడం గురించి ఆ కొన్నాళ్లు ఆలోచించకు, ఎప్పుడు బయల్దేరుతున్నావన్నదే చూసుకో. కుదిరితే వీడియో తీసి ఇక్కడ పెట్టు, స్టాపర్ ఎటు చూస్తున్నాడో నేను చెప్తాను.